“నా ఎముకలు పెరుగుతాండాయమ్మా”

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు వంటింట్లో నూడుల్స్ చేసుకుంటూ వెనిగర్ సీసా మూత తీసింది. నేను హాల్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నా చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. “దీపం ఆర్పావా?” అని అరిచాను. పిల్ల బిత్తరపోయి తొంగి చూసింది. పట్టపగలు, ఏ దీపం? నాకూ కాసేపు తెలియలేదు. తర్వాత అర్థమైంది. నాకు తగిలింది వెనిగర్ వాసన కాదు, ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో ఫిక్సరు అనే మందు తొట్టి వాసన. అచ్చం ఇలాగే ఉండేది. ఆ గది తలుపు అవతల నిలబడి “దీపం ఆర్పావా?” అని రోజుకు ఇరవైసార్లు అరిచిన మనిషి డాక్టర్ కరుణమ్మ. ఇన్నేళ్ళ తర్వాత ఆమె గొంతు నా నోట్లోంచి వచ్చింది. ఒలిచిన గింజలన్నీ ఒళ్ళోంచి జారి నేల మీద పడ్డాయి.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పేరుమోసిన డాక్టరేమీ కాదు. గుంటూరు వైపు నుంచి మా అనంతపురం జిల్లాకు వచ్చి, రాయదుర్గం దారిలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన మనిషి. పొడగరి, చామనచాయ, నడిస్తే చెప్పులు పటపటలాడేవి. పెళ్ళి చేసుకోలేదు. కోపం ముక్కు మీదే ఉండేది, కానీ పొంగిన పాలు చల్లారేంతసేపే. పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఎస్సెల్సీ గట్టెక్కి ఆమె దగ్గర పనికి చేరాను. “నీకు ఇక్కడ రెండే పనులు నారాయణమ్మా” అంది మొదటిరోజు. “దీపం ఆర్పడం, గడియారం చూడడం. నోరు మూసుకోవడం కూడా ఒక పనే, కానీ నీ వాలకం చూస్తే అది నీకు వచ్చేలా లేదు.” నిజమే, నాకు ఇప్పటికీ రాలేదు.

మా మాట ఆమెకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఆమె మాటేమో మాకు పాఠం చదివినట్టు ఉండేది. ఒకసారి బెళుగుప్ప నుంచి ఒక రైతు వచ్చాడు, మీసాలు మెలేసిన నిండు మనిషి. నడుం మీద చేయి పెట్టుకుని “ఆడ నొప్పమ్మా, శానా దినాల నుంచి” అన్నాడు. ఆమె రాస్తున్న చీటీ ఆపి, కళ్ళద్దాల పైనుంచి అతన్ని ఎగాదిగా చూసి, “ఆడ నొప్పి నీకెలా వస్తుందయ్యా?” అంది. “ఎట్లొస్తాదో నాకేం తెలుసమ్మా? వస్తే ఆడే వస్తాది” అన్నాడు పాపం అతను. నేను నవ్వు ఆపుకోలేక చీకటి గదిలోకి పారిపోయాను. మా వైపు ‘ఆడ’ అంటే ‘అక్కడ’ అని తర్వాత చెబితే తనూ నవ్వింది. వెంటనే ఒక నోటుబుక్కు తెచ్చుకుని ఆడ, ఈడ, యాడ అని వరసగా రాసుకుంది. ఆనాటి నుంచి మా మాటలన్నీ అందులోకి ఎక్కడం మొదలైంది. అయితే మాట రాసుకోవడం వేరు, చెప్పిన మనిషిని నమ్మడం వేరు. ఆ రెండోది ఆమెకు రావడానికి మా ఊరి సుంకమ్మవ్వ రావాల్సి వచ్చింది.

అంతకంటే ముందు నా పళ్ళ సంగతి చెప్పాలి. చేరిన వారానికే ఆమె చూపు వాటి మీద పడింది. నా ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి, చిన్నప్పటి నుంచీ. “పొగాకు నములుతావా?” అని అడిగింది. లేదంటే నమ్మలేదు. పళ్ళపొడి డబ్బా ఒకటి చేతిలో పెట్టి రోజుకు రెండుసార్లు తోమమంది. చిగుళ్ళు నెత్తురు కారేలా నెలరోజులు తోమాను. చిగుళ్ళు పోయేలా ఉన్నాయి గానీ చారలు పోలేదు. మా ఊరు ఎర్రబండ. మా ఊళ్ళో నా ఈడు పిల్లలందరికీ ఇవే పళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ‘ఎర్రబండ పండ్లు’ అని పేరే పెట్టారు. పెళ్ళిచూపుల్లో మా ఊరి పిల్ల పొరపాటున నవ్వితే సంబంధం అక్కడికక్కడే తప్పిపోయేది. ఇదంతా ఆమెకు చెప్పలేదు. సిగ్గేసింది.

సుంకమ్మవ్వ ఎద్దులబండిలో పడుకుని వచ్చింది, కూర్చోలేని మనిషి కాబట్టి. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. కింద పడ్డ చీటీ వంగి తీసుకోలేకపోయింది. “ఏమైందమ్మా?” అని కరుణమ్మ అడిగితే, ఆ ముసలమ్మ చాలా మామూలుగా చెప్పింది.

“నా ఎముకలు పెరుగుతాండాయమ్మా.”

“నీ వయసులో ఎముకలు పెరగవమ్మా. అరుగుతాయి.”

“అరిగితే వదులు కావల్ల గదా తల్లీ? నాకు బిగుసుకుంటాండాయి. లోపల ఎముక పెరుగుతాండాది, ఒంట్లో చోటు చాల్లేదు.”

కరుణమ్మ నా వైపు తిరిగి “ఇది కూడా రాసుకోనా?” అని కన్ను గీటింది. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వాం, ఆ ముసలమ్మ ముందర. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది. చీటీ మీద ‘ముసలితనం, కీళ్ళవాతం’ అని రాసి, ఎందుకైనా మంచిదని నడుముకు ఎక్స్‌రే తీయమంది.

తీశాను. ఫిల్ము కడిగి చూస్తే తెల్లగా వచ్చింది. మా ఆసుపత్రిలో అప్పటికి కరెంటు లేదు, ఇంజను వేస్తేనే మిషను పనిచేసేది. ఆ ఇంజను రోజుకొక రకంగా దగ్గేది. “కిరణాలు వదిలే సెకన్లు తక్కువ పెట్టావు” అని తిట్టింది కరుణమ్మ. రెండోసారి సెకన్లు పెంచాను. కండ అంతా మసిబొగ్గులా నల్లబడింది గానీ ఎముక మాత్రం సున్నం కొట్టిన గోడలా అలాగే తెల్లగా నిలబడింది. వెన్నుపూసల మధ్య సందులే కనబడలేదు. తర్వాత ఒకటి రెండు నెలల్లో ఇంకో ముగ్గురు నలుగురివి ఇలాగే వచ్చాయి. వచ్చినప్పుడల్లా నాకు తిట్లు. ఫిల్ములు మద్రాసు నుంచి రావాలి, అవి ఊరికే రావు. మిగతావాళ్ళ ఫిల్ములు బాగానే వస్తున్నాయి కదా, ఇవే ఎందుకు పాడవుతున్నాయో నాకు అంతుపట్టలేదు. నా చేతిలోనే ఏదో దోషం ఉందనుకున్నాను. “ఈ నెలాఖరు దాకా చూస్తా. నీకు పని రాకపోతే ఊరికి వెళ్ళిపో” అందొకరోజు.

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు మా ఊరి నుంచే ఒకాయన మోకాలి నొప్పితో వచ్చాడు. ఆయన మోకాలికి ఫిల్ము తీసి, ఇంజను ఆపకముందే వంటగదిలోకి పోయి, కదిరి నుంచి వచ్చి మా దగ్గర వండిపెట్టే మార్తమ్మను చేయి పట్టి లాక్కొచ్చాను. “రాగిసంగటి మాడిపోతాదే!” అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా అదే బల్ల మీద, అవే సెకన్లతో ఆమె మోకాలికీ తీశాను. రెండూ కడిగి, తడి ఆరకముందే కరుణమ్మ బల్ల మీద పెట్టాను. మార్తమ్మ మోకాలు నీడలూ సందులూ తెలిసేలా చక్కగా ఉంది. మా ఊరాయనది సుద్దముక్క. ఆమె రెండూ కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూసింది.

“నిన్ను ఎన్నిసార్లు తిట్టాను?”

“పధ్నాలుగు సార్లమ్మా.”

“లెక్క పెట్టావా! సరే, పధ్నాలుగు సార్లూ నాదే తప్పు. క్షమించు నారాయణమ్మా.”

క్షమించు అనే మాట మా వైపు పుస్తకాల్లో తప్ప ఎవరూ అనరు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అసలు అనరు. “సంగటి మాడిపోయిందమ్మా” అన్నాను.

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు, నాకూ లేకుండా చేసింది. తెల్లగా వచ్చిన ఫిల్ములన్నీ వరసగా పేర్చి ఒక్కొక్కరిదీ ఊరేదో అడిగింది. ఎర్రబండ. ఎర్రబండ. మళ్ళీ ఎర్రబండ. “నీది ఏ ఊరు?” అంది నా పళ్ళ వైపు చూస్తూ. “ఎర్రబండే.” “మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” “మీరు అడగలేదు గదమ్మా.” నెత్తి కొట్టుకుంది. అయితే ఇక్కడే అసలు చిక్కు వచ్చి పడింది. మా ఊళ్ళో పళ్ళ మీద చారలున్న మాకేమో నొప్పులు లేవు. నొప్పులతో బిగుసుకుపోయిన సుంకమ్మవ్వ లాంటి పెద్దలకేమో, మిగిలిన పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఒకే జబ్బయితే రెండూ ఒకరికే ఉండాలి కదా? రెండు జబ్బులయితే ఒకే ఊరికి ఎందుకు వచ్చాయి? కాగితాల మీద రాసేది, కొట్టేసేది, లేచి పచార్లు చేసేది. “నాకు బుర్ర పనిచేయడం లేదు, నువ్వేమన్నా చెప్పు” అని నన్నడిగేది. నన్ను! ఎస్సెల్సీ ఫెయిలవబోయి బయటపడ్డ నన్ను! నేను ఆలోచించి ఆలోచించి, “పెద్దోళ్ళు పెద్దయినాక తాగినారు, మేము పసిబిడ్డలప్పటి నుంచి తాగినామమ్మా” అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నానంతే. ఆమె నడక ఆగిపోయింది. “ఏం తాగారు?” “నీళ్ళు. అంతకుముందు ఊళ్ళో బావి లేదు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు తవ్వినారు.”

ఆ సాయంత్రం ఆమె అంగడి నుంచి కలకండ తెప్పించింది, దారానికి పట్టి గడ్డకట్టి ఉండే రకం. దాన్ని నా ముందు పెట్టి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ పాఠంలా గుర్తున్నాయి. “ఎముకంటే రాయి కాదు నారాయణమ్మా. మొదట మెత్తటి పీచు అల్లిక ఉంటుంది, ఈ దారం లాగా. ఒంట్లో నెత్తురు తెచ్చే సున్నం, భాస్వరం ఆ పీచు మీద కంటికి కనబడనంత సన్నటి పలుకులుగా పేరుకుంటాయి. పాకంలో వేసిన దారానికి కలకండ పట్టినట్టే. అందుకే ఎముక గట్టిగానూ ఉంటుంది, పెళుసుగా విరక్కుండానూ ఉంటుంది. పన్నుకి పైపూత చిన్నతనంలోనే ఒకసారి కడుతుంది, మళ్ళీ కట్టదు. ఎముక అలా కాదు. చచ్చేదాకా రోజూ ఒక పక్క కూలుస్తూ ఒక పక్క కడుతూనే ఉంటుంది ఒళ్ళు. కాలేజీలో మా ప్రొఫెసరు ఎప్పుడో ఒక ముక్క చెప్పి వదిలేశాడు, కొన్ని ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు అనే లవణం ఉంటుందని. అది ఈ పలుకుల్లోకి దూరితే అవి పెద్దవవుతాయి, గట్టిపడతాయి, ఇక ఒళ్ళు వాటిని కూల్చలేదు. కట్టడమే గానీ కూల్చడం లేకపోతే ఏమవుతుంది? కీళ్ళను పట్టి ఉంచే పట్టీల మీద కూడా ఎముక కడుతుంది.” అంతవరకూ గబగబా చెప్పి, ఉన్నట్టుండి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. “ఆ ముసలమ్మ సరిగ్గా చెప్పింది. ఎముకలు పెరుగుతున్నాయంది. నేను నవ్వాను.”

మా ఊరి నీళ్ళు ఒక సీసా తెమ్మంది, మద్రాసులో తెలిసిన లాబొరేటరీకి పంపడానికి. తెచ్చాను. “ఏ బావివి?” అని చీటీ రాస్తూ అడిగింది. “ఊరి బావి” అన్నాను. పూర్తి పేరు చెప్పలేకపోయాను. దాని పేరు ఓబులేసు బావి. ఓబులేసు మా నాయన.

మా నాయన బావులు తవ్వే మేస్త్రీ. నాకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లో పెద్ద కరువు వచ్చి ఊరు ఖాళీ అయిపోయే గతి పట్టినప్పుడు, ఆయన పదిమందిని కూడగట్టి బండరాయిని మందుగుండుతో పేల్చి, నెలల తరబడి దిగి దిగి నీళ్ళు పట్టాడు. నీళ్ళు పడ్డ రోజు ఆడవాళ్ళు ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చారని మా అమ్మ చెప్పేది. మా ఇంట్లో అంతకు మించిన ఆస్తి లేదు, ఆ పేరు తప్ప. సీసా మద్రాసుకు పోయిన నాటి నుంచి నేను మొక్కని దేవుడు లేడు. ఆ నీళ్ళలో ఏమీ లేదని రావాలని మొక్కాను. ఏమీ లేదని వస్తే సుంకమ్మవ్వకు ఏమైనట్టు, మా పళ్ళకు ఏమైనట్టు? అదీ తెలియదు. ఏమి రావాలని కోరుకోవాలో కూడా తెలియని మొక్కులవి.

వచ్చిన జవాబు చదివి ఆమె “ఆ నీళ్ళే” అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. “ఆ బావి మా నాయన తవ్వినాడమ్మా” అన్నాను. ఆమె ఆ జవాబు మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత అడిగింది, “మీ నాయన ఒంట్లో ఎలా ఉంది?” బాగానే ఉన్నాడన్నాను. కాస్త పొగరు మనిషని ఊళ్ళో అంటారని, బావి తవ్వినప్పటి నుంచి ఎంత పెద్దమనిషి ఎదురైనా మెడ వంచడని చెప్పాను.

“వంచడా, వంచలేడా?”

ఇంట్లో పుట్టి పెరిగిన దాన్ని, ఆ ఒక్క ప్రశ్న నాకు ఏనాడూ తట్టలేదు. ఊరంతా ‘ఓబులేసు మెడ వంచడు’ అంటే నేనూ అదే అన్నాను. లోలోపల గొప్పగా కూడా అనుకున్నాను, మా నాయన ఎవరికీ తల వంచని మనిషని.

వారం తిరక్కుండా ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చాను. “రండి ఓబులేసు గారూ” అంది కరుణమ్మ. ‘గారు’ ఎవరా అని మా నాయన మనిషంతా వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. “నొప్పి ఎన్నాళ్ళ నుంచి?” అని ఆమె అడిగితే ముందు నొప్పే లేదన్నాడు. నేను ఏడుపు మొహం పెట్టేసరికి ఒప్పుకున్నాడు. “నొప్పంటే పనికి పిల్చరమ్మా. పొగరంటే పిలుస్తారు. అందుకని ఊరోళ్ళు పొగరన్నా నేను కాదనలే” అన్నాడు. కన్నకూతురికి కూడా చెప్పకుండా ఇన్నేళ్ళు ఆ పేరు మోశాడా మనిషి! నాకు కోపం వచ్చిందో జాలి కలిగిందో చెప్పలేను.

ఆయన వెన్నుకు ఎక్స్‌రే నేనే తీశాను. దీపం పెట్టె మీద ఫిల్ము పెట్టగానే నాయన దగ్గరకు జరిగి, కళ్ళు చికిలించి, కింది నుంచి పైదాకా చూశాడు. మెడ నుంచి నడుం దాకా ఒకటే కడ్డీ, తెల్లగా. ఆయన ముఖం వెలిగిపోయింది. “అబ్బా, ఎంత బాగా కట్టినాడే! నూలుపోగంత సందు లేదు. ఎవరే ఈ మేస్త్రీ?” అన్నాడు. కరుణమ్మ నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. ఆమె నోరు తెరవబోతుంటే నేనే చెప్పేశాను. “నీ బావి నీళ్లే నాయనా.” ఆయన ఆ ఫిల్ము వైపే చూస్తూ నిలబడ్డాడు. సుంకమ్మవ్వ సంగతి, పళ్ళ సంగతి కరుణమ్మ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. అంతా విన్నాడు.

“ఇప్పుడు దీన్ని విప్పేకి అయితాదామ్మా?”

“కాదండీ.”

“పిల్లోళ్ళకో?”

“పిల్లలకు కట్టుబడి ఇంకా మొదట్లోనే ఉంది. నీళ్ళు మారిస్తే వాళ్ళకు ఇలా కాదు.”

“అట్లయితే ఊర్లో నేనే చెప్పల్ల. నా బావి గదా.”

తర్వాతి ఆదివారం కరుణమ్మ మా ఊరు వచ్చింది. బావి దగ్గరే జనం చేరారు. మా నాయన నిలబడి, “ఈ నీళ్లు పిల్లోళ్ళకు తాపొద్దండి” అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. “నువ్వే తవ్వితివి, నువ్వే వద్దంటివి. ఏమప్పా, ఆటలాడుతాండావా?” అని ఒకరు కసిరారు. కరుణమ్మ కలకండ చూపించి, ఫిల్ములు చూపించి ఏదేదో చెప్పింది. సగం మాటలు వాళ్ళకు ఎక్కలేదు, నేను మళ్ళీ మా మాటల్లో చెప్పాను. అంతా అయ్యాక చంకలో బిడ్డతో ఉన్న ఒకామె సూటిగా అడిగింది. “ఈ నీళ్లు లేకుంటే ఆ కరువులోనే సచ్చిపోతాంటిమి. ఈడ తాగొద్దంటే యాడ తాగల్లమ్మా?” కరుణమ్మ ముఖం పాలిపోయింది. “నాకు తెలియదు” అంది. డాక్టరు నోటి వెంట ఆ మాట మేమెవరం అంతవరకూ వినలేదు. “తెలీకుంటే యాల వచ్చినావు మల్ల?” అందా మనిషి. “తెలిసినంతవరకు చెబుదామని” అంది కరుణమ్మ. నాకు ఆమె మీద చచ్చేంత కోపం వచ్చింది. మా నాయన పరువు తీసి నడివీధిలో పెట్టి, ఇప్పుడు తెలియదంటుందేమిటి అనిపించింది. ఆ పరువు తీసిందాన్ని నేనే అని కూడా అనిపించింది.

జనం గొణుక్కుంటూ లేవబోతుంటే కరుణమ్మ తిన్నగా సుంకమ్మవ్వ మంచం దగ్గరకు నడిచింది. ముసలమ్మను మంచంతో సహా మోసుకొచ్చి పెట్టారు ఆమె కొడుకులు. “అవ్వా, నువ్వు చెప్పిందే నిజం. నీ ఎముకలు పెరుగుతున్నాయి. నాకు తెలియక నవ్వాను” అంది ఊరందరి ముందర. సుంకమ్మవ్వ ఏమీ నొచ్చుకోలేదు. “నేను అప్పుడే చెప్తి గదమ్మా” అని, “ఎప్పుడు నిలుస్తాయి ఇవి?” అని అడిగింది. కరుణమ్మ ఆమె చేయి పట్టుకుని కూర్చుండిపోయింది. లేవబోయిన జనం అది చూసి ఆగారు. అప్పుడు మా నాయన గొంతు సవరించుకున్నాడు. ఊరికి మైలున్నర దూరంలో ఉన్న వాగులాంటి వంక ఇసుకలో చెలమ తీస్తే పైనీళ్ళు ఊరతాయని, అవి బండలోపలి నీళ్ళు కావని చెప్పాడు. “పిల్లోళ్ళకు, కడుపుతో ఉండేవాళ్ళకు ఆ నీళ్లు. మనకు, గొడ్లకు బావి నీళ్లు చాలు. మన కట్టుబడి ఎట్లాగూ అయిపాయ” అన్నాడు. కరుణమ్మ ఆ చెలమ నీళ్ళు కూడా మద్రాసుకు పంపించింది. బాగున్నాయని జవాబు వచ్చింది. మా నాయన వంగలేడు కాబట్టి గట్టు మీద నిలబడి చెబుతుంటే ఊరి ఆడవాళ్ళు ఇసుక తోడారు.

అందరూ సంతోషించారనుకుంటే పొరపాటు. ‘ఓబులేసు కూతురు సదువుకొనొచ్చి మా నెత్తిన కడవ పెట్టింది’ అని నా వెనకాల అన్నవాళ్ళు ఎందరో. సగం ఇళ్ళు చెలమ నీళ్ళు తెచ్చుకున్నాయి, సగం ఇళ్ళు తెచ్చుకోలేదు. ఓబులేసు బావి అనడం మానేసి పాతబావి అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళకు కరుణమ్మ ఒంట్లో బాగుండక తన ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆ నోటుబుక్కు నాకిచ్చింది. ‘ఆడ’ దగ్గర మొదలైన పుస్తకంలో చివరి పేజీలన్నీ పేషెంట్లు తమ నొప్పి గురించి తమ నోటితో చెప్పిన మాటలే. ఆనాటి నుంచి ఉద్యోగం మానేదాకా నేను ఏ ఫిల్ము తీసినా, డాక్టరు రాసిన చీటీ వెనక పేషెంటు చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు రాసేదాన్ని. కొందరు డాక్టర్లు నవ్వేవారు. నవ్వనీ.

ఆమె వెళ్ళిన మరుసటి ఏడు మళ్ళీ వానలు ఎగ్గొట్టాయి. వంక ఎండింది, చెలమ ఎండింది. నేను సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. మా అన్న కూతురు సరోజకు అప్పుడు రెండేళ్ళు నిండుతున్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల చెలమ నీళ్ళ మీదే పెరిగింది. ఆ రోజు పొద్దున మా వదిన కడవ తీసుకుని, పిల్లను చంకనేసుకుని, బావి దారి పట్టింది. మా నాయన బావి దగ్గరే రాతి మీద కూర్చున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను. వద్దని చెప్పాలా? వద్దని ఏం తాపమనాలి? వదిన నా వైపు చూసింది, మామ వైపు చూసింది. మెడ తిరగదు కాబట్టి ఆయన లేచి, మనిషంతా అటు తిరిగి, గుట్టల వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. వదిన నీళ్ళు చేదింది. పిల్లకు దోసిట్లో తాపింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజే కరుణమ్మకు జాబు రాశాను. ఉన్న కోపమంతా అందులో కక్కాను. మనం ఆ మాట చెప్పకుండా ఉంటే వాళ్ళు తెలియక తాగేవాళ్ళు, ఇప్పుడు తెలిసి తాగుతున్నారు, ఏం బాగుపడ్డాం అని అడిగాను. కార్డు మీద రెండే వాక్యాలు జవాబు వచ్చాయి. ‘నాకూ తెలియదు నారాయణమ్మా. ఆ బిడ్డకు పాలపళ్ళు ఊడి ముందు పళ్ళు వచ్చాక చూసి రాయి.’

మరుసటి ఏడాది వానలు పడి చెలమ ఊరింది. సరోజ మళ్ళీ ఆ నీళ్ళ మీదే పెరిగింది. కరుణమ్మ పోయిందని మిషన్ వాళ్ళు చెప్పగా విన్నాను, ఎప్పుడు పోయిందో కూడా వాళ్ళకు సరిగ్గా తెలియదు. మా నాయన కూడా పోయాడు. అరవైల చివర్లో ఒక వేసవి ఊరికి పోతే సరోజ పరుగెత్తుకుంటూ వచ్చి, “అత్తా, నాకు పెద్దపండ్లు వచ్చినాయి సూడు” అని నోరు తెరిచింది. గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పి చూశాను. పన్ను పైపూత కింది అంచు దగ్గర మొదలై చిగురు వైపు కడుతూ పోతుందని కరుణమ్మ ఒకసారి చెప్పింది, ఆ లెక్కన కింద తెలుపు చెలమ నీళ్ళు తాగిన మొదటి రోజులది. దాని పైన సన్నగా ఒక గోధుమరంగు గీత. ఆ గీత పైన చిగురు దాకా మళ్ళీ తెలుపు. ఒక్క కరువు ఏడు ఆ పిల్ల పన్ను మీద గీసినట్టు అలాగే ఉంది. “ఏంటికత్తా ఏడుస్తాండావు?” అంది పిల్ల. గీత చూసి ఏడుస్తున్నానో తెలుపు చూసి ఏడుస్తున్నానో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఆ సాయంత్రమే కార్డు తీసి రాశాను. ‘అమ్మా, సరోజకు ముందు పళ్ళు వచ్చాయి. ఒక్క గీత. మిగతా అంతా తెలుపు.’ రాసి, కార్డు తిప్పి, చిరునామా రాయబోయి ఆగిపోయాను. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.